వడ్ల కింది గీత

సింధూజ ఆ బంతిని కూడా ఆపేసినప్పుడు బెంచీ మీద కూర్చున్న అమ్మాయిలంతా లేచి చప్పట్లు కొట్టారు. హైమ కూడా లేచింది. లేవకపోతే బాగుండదు కాబట్టి లేచింది. చేతులు కలిపింది గానీ చప్పుడు రానివ్వలేదు.

"అబ్బ, ఏం తీసిందే! కాలు యాడికెళ్ళి వచ్చిందో సమజే కాలే" అంది పక్కనున్న పిల్ల.

"బంతి మెల్లగ వచ్చిందిలే" అంది హైమ.

బంతి మెల్లగా రాలేదు. ఆ సంగతి ఆ బెంచీ మీద హైమకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కిందటి ఏడాది దాకా ఆ చోటు హైమదే. రైట్ బ్యాక్ అంటారు, గోలుకు కుడిపక్క కాపలా. నిజామాబాద్ టౌన్ క్లబ్బు అమ్మాయిల ఫుట్‌బాల్ టీములో ఆ చోటు హైమది కాకుండా ఇంకొకరిది అవుతుందని ఎవరైనా అంటే అప్పట్లో నవ్వేసేది.

సింధూజను క్లబ్బుకు తెచ్చింది కూడా హైమే. ఒకసారి పోచంపాడ్‌లో మ్యాచ్ ఉందనగా టీములో ఒక మనిషి తక్కువ పడింది. హైమ వాళ్ళది బోధన్ దగ్గర క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబాల ఊరు. ఆ క్యాంపును ఆనుకునే పాత ఊరు ఉంది. ఆ ఊళ్ళో సిద్దిరాములు, ఈరవ్వల కూతురు సింధూజ. బడికి ఆలస్యమైతే బస్సు వెంట పరుగెత్తి ఎక్కే పిల్ల. ఆ పరుగు గుర్తొచ్చి హైమ వాళ్ళింటికి వెళ్ళి, ఈరవ్వను బతిమాలి, తన పాత బూట్లు తొడిగించి మరీ పోచంపాడ్ తీసుకుపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు హైమకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గి వచ్చేసరికి కోచ్ రాజనర్సు సార్ పేర్లు చదువుతూ "రైట్ బ్యాక్ సింధూజ" అన్నాడు. నిన్ను తీసేశామని ఎవరూ హైమతో అనలేదు. ఆ పేరు మాత్రం అప్పటి నుంచి అలాగే చదువుతున్నాడు.

బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో ఒకప్పుడు ఇద్దరూ ఒకే సీట్లో కూర్చునేవాళ్ళు. ఇప్పుడు హైమ పక్క సీట్లో బ్యాగు పెడుతుంది. సింధూజ "హైమక్కా, జరగవా?" అంటే "మా దోస్తు ఎక్కుతది" అంటుంది. ఏ దోస్తూ ఎక్కదు. సింధూజ జడ వేసుకునే తీరు, టిఫిన్ డబ్బా మూత పళ్ళతో తీసే తీరు, సార్ తిడితే తల ఊపే తీరు, అన్నీ హైమకు కంటిలో నలుసులైపోయాయి. తను మంచిపిల్లనని హైమకు నమ్మకం. ఇంట్లో అందరూ అలాగే అంటారు. అందుకే లోపల ఇలా మండుతుంటే ఆమెకే వింతగా ఉండేది. మంట మాత్రం తగ్గేది కాదు.

పైగా ఈ ఏడాది దాటితే ఈ జిల్లా పోటీలకు హైమ వయసు దాటిపోతుంది. ఆదివారం నిజామాబాద్‌లో జిల్లా ఫైనల్. రాష్ట్ర శిక్షణ శిబిరానికి అమ్మాయిలను ఎంచే పెద్దలు ఆ ఫైనల్ చూడటానికే వస్తారు. ఆ రోజు గ్రౌండులో ఉన్నవాళ్ళనే చూస్తారు, బెంచీ మీద ఉన్నవాళ్ళను చూడరు.

ఇవాళ్టిది సెమీఫైనల్, బాల్కొండ టీముతో. టౌన్ గ్రౌండులో ఏదో ఎగ్జిబిషన్ పెట్టారని ఆటను హైమ వాళ్ళ క్యాంపు హైస్కూలు గ్రౌండుకు మార్చారు. సొంత ఊళ్ళో మ్యాచ్. ఊరంతా చూస్తుండగా హైమ బెంచీ మీద కూర్చోవాలి.

కార్తీకం కోతల కాలం. క్యాంపులో చదునైన జాగా ఎక్కడుంటే అక్కడ వడ్లు ఆరబోస్తారు. రోడ్డు మీద, గుడి ముందు, స్కూలు గ్రౌండులో. మ్యాచ్ ఉందని చెప్తే రైతులంతా తమ వడ్లను గీత అవతలికి నెట్టుకున్నారు. హైమ నాన్న వెంకటసుబ్బారావు వడ్లు మాత్రం నిన్ననే మిషన్‌తో కోసినవి, పచ్చిగా ఉన్నాయి. కుప్ప చేస్తే వేడెక్కి పాడవుతాయి. అందుకని ఆయన రెఫరీని బతిమాలుకున్నాడు. గ్రౌండు కుడిపక్క ఒక చోట సున్నపు గీత వడ్ల కిందికి పోయి, కాస్త దూరం కనబడకుండా ఉండి, మళ్ళీ అవతల తేలుతుంది.

"వడ్లల్లకు మొత్తం పోతే అవుట్. అంచు మీద ఉంటే ఆటే. నా కండ్లతోని నేను సూసుకుంట, ఎవ్వలు లొల్లి పెట్టొద్దు" అన్నాడు రెఫరీ.

ఆ వడ్లను పొద్దున్నుంచి కాలితో సాళ్ళు తీస్తూ ఆరబెడుతున్న కూలీల్లో ఈరవ్వ ఉంది. ఆట మొదలయ్యే ముందు హైమ డ్రమ్ము దగ్గర బాటిల్ నింపుకుంటుంటే ఈరవ్వ కూతురిని పక్కకు పిలిచి చెప్పడం విన్నది.

"బిడ్డా, ఆడితె ఆడు గని ఆ ఒడ్ల మీద కాలు పెట్టకు."

"ఆటల ఎట్ల సూస్తరే అవ్వా?"

"సూడాలె. బూట్లతోని తొక్కితె బువ్వను తొక్కినట్టే. మన ఒడ్లు గూడ గావు. ఈరవ్వ బిడ్డ తొక్కిందంటరు. రేపు మల్ల ఆ కల్లంలనే నిలవడాలె నేను."

సింధూజ తల ఊపింది. హైమకు నచ్చని ఆ ఊపుడే.

ఆట బాగానే సాగింది. నిజామాబాద్ రెండు గోల్స్ కొట్టింది, రెండూ ఫార్వర్డ్ గంగామణివే. బాల్కొండ వాళ్ళు ఎటు నుంచి వచ్చినా చివరికి సింధూజ కాలు అడ్డం వచ్చేది. వెంకటసుబ్బారావు వడ్లు తిరగేసే చెక్కను భుజాన వేసుకుని గీత పక్కన నిలబడి ఆట చూస్తున్నాడు. ఒకసారి బెంచీ దగ్గరికొచ్చి కూతురితో, "ఏమ్మా, మన ఈరవ్వ కూతురు భలే ఆడుతోందే! గోడ కట్టినట్టుంది" అన్నాడు.

"నేనే తీసుకొచ్చాను నాన్నా దాన్ని."

"తెలుసు కదే. మంచి పని చేశావు."

మంచి పని చేశావు! ఆ మాట హైమకు ముల్లులా గుచ్చుకుంది. కన్నతండ్రి, తన వడ్ల పక్కన నిలబడి, ఆ పిల్ల ఆటకు మురిసిపోతున్నాడు. ఒక్కటి, ఒక్క గోలు దాని వల్ల పడితే ఎంత బాగుంటుంది అనుకుంది హైమ. అనుకుని సొంత టీము మీద ఇలా అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్ళీ అనుకుంది.

ఆట అయిపోవస్తుండగా ఆ గోలు పడింది.

బాల్కొండ ఫార్వర్డ్ బంతిని వడ్ల అంచు వెంబడి ముందుకు తోసి దాని వెనక ఉరికింది. సింధూజ సరిగ్గా టైముకు చేరింది. కాలు బంతికి అవతల మోపితే గానీ దాన్ని పక్కకు తన్నే వీలు లేదు. అవతల ఉన్నవి వడ్లు. లేచిన కాలు గాలిలో ఒక్క క్షణం ఆగింది. వెనక్కి వచ్చి మట్టి మీద పడింది. బాల్కొండ పిల్లకు ఆ సందు చాలు. బంతి పట్టుకుని లోపలికి తిరిగి కొట్టింది. గోల్‌కీపర్ తారాబాయి చేతుల మీదుగా వెళ్ళి బంతి వలలో పడింది.

గ్రౌండంతా "అయ్యో" అంది. బెంచీ మీద హైమ కూడా అంది. అందరికంటే కాస్త గట్టిగానే అంది.

మ్యాచ్ రెండు ఒకటితో నిజామాబాద్‌దే. ఫైనల్‌కు చేరారు. అయినా అమ్మాయిలెవరూ బూట్లు విప్పలేదు. రాజనర్సు సార్ టీములో ఒక పద్ధతి ఉంది. గెలిచినా ఓడినా గోలు పడితే పంచాయతీ పెట్టాల్సిందే. అంతా గోలు పడ్డ చోటికి వెళ్ళి నిలబడతారు. ఎవరి చోటులో గోలు పడిందో ఆ చోటుకు బెంచీ మీద ఎదురుచూసే అమ్మాయే తీర్పు చెప్పాలి. "బెంచి మీద కూసున్నోళ్ళకే ఆట సాఫ్‌గ కనపడ్తది" అనేవాడు సార్. తప్పు పడినమ్మాయి మధ్యలో మాట్లాడకూడదు. తీర్పు చెప్పినమ్మాయి నేనైతే ఇలా చేసేదాన్నని ఊరికే అంటే సరిపోదు. అదే చోట నిలబడి చేసి చూపాలి. చూపితే తర్వాతి మ్యాచ్‌లో ఆ చోటు ఆమెదే. చేసి చూపాల్సి వస్తుందన్న భయంతోనే ఎవరూ గాలి తీర్పులు చెప్పరని సార్ నమ్మకం.

ఏడాదిగా సింధూజ చోటులో పంచాయతీ పడలేదు. ఇదే మొదలు.

"జడ్జి మేడం, జర నాకు శిక్ష తక్కువెయ్యి" అంది తారాబాయి గ్లవుజులు విప్పుతూ. "చేతులకు తగిలి పోయింది, నా తప్పు గూడ ఉన్నది గాదా!"

"నీ పంచాయతి అయినంక. ముందు హైమ చెప్పాలె" అన్నాడు సార్. ఆయన ఆటంతా అవతలి గీత దగ్గర నిలబడ్డాడు. పొద్దు కళ్ళల్లో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. నిజామాబాద్ టౌన్లో పుట్టి పెరిగిన మనిషి, కల్లం ముఖం ఎరగడు. "చెప్పు బిడ్డా. గోలు ఎట్ల పడ్డది?"

హైమ వెళ్ళి ఆ చోట నిలబడింది. పక్కనే వడ్లు. సింధూజ నడుం మీద చేతులు పెట్టుకుని బూటు ముక్కుల వైపు చూస్తోంది.

"బంతి గీడ ఉన్నది సార్. సింధూజ గీడ. టైముకే వచ్చింది."

"వచ్చి?"

"వచ్చి ఆగింది. కాలు లేపి మల్ల వెనుకకు తీసుకున్నది."

"అది నేను గూడ చూసిన. ఎందుకాగింది?"

హైమకు తెలుసు. వడ్లని తొక్కకూడదని ఆగింది సార్ అంటే పంచాయతీ అక్కడితో అయిపోతుంది. సార్ "అరె" అంటాడు, సింధూజ భుజం తడతాడు, ఆదివారం మళ్ళీ ఆ పేరే చదువుతాడు. దూరంగా ఈరవ్వ చీపురుతో అంచులు సర్దుతోంది. నాన్న ఆమెకు ఏదో చెబుతున్నాడు. గోడ కట్టినట్టుంది. మంచి పని చేశావు.

"భయపడ్డది సార్" అంది హైమ.

సింధూజ చటుక్కున తల ఎత్తింది.

"భయమా? సింధూజకా?" అన్నాడు సార్.

"ఆ పిల్ల జోరు మీద వచ్చింది గద సార్. కాలుకు తగుల్తదని భయపడ్డది. అందుకే వెనుకకు తీసుకున్నది."

అమ్మాయిల్లో గుసగుసలు లేచాయి. "దానికి భయమేందే?" అని ఎవరో అన్నారు. "ఏమో, ఒక్కోపాలి అయితది" అని ఇంకెవరో అన్నారు.

"మరి నువ్వుంటె?"

"ఆగేదాన్ని గాదు సార్. అవతల కాలు పెట్టి బంతి బయటకు తన్నేదాన్ని."

"చూపియ్యి. గంగామణీ, బంతి తీసుకో. ఆ పిల్ల ఎట్ల వచ్చిందో గట్లనే రావాలె, మెల్లగ వస్తె ఊకోను."

గంగామణి బంతితో వెనక్కి వెళ్ళింది. గంగామణి వడ్ల అంచు వెంట బంతిని తోసి పరుగందుకుంది. హైమ ఉరికింది. కాలు లేచినప్పుడు ఆమెకూ తెలిసింది, కింద ఏమున్నాయో. చిన్నప్పుడు గింజ మీద కాలు వేస్తే అమ్మ నెత్తిన మొట్టేది. అయినా కాలు మోపింది. బూటు మడమ దాకా వడ్లలో దిగింది. బంతి పక్కకు ఎగిరి అవుట్‌కు పోయింది. గింజలు చిమ్మి గంగామణి ముఖానికి కొట్టాయి.

"ఇదీ!" అని సార్ చప్పట్లు కొట్టాడు. "ఇట్ల పోవాలె. ఒక్క అడుగు, అంతే."

వెంకటసుబ్బారావు పరుగున వచ్చాడు. సార్ నొచ్చుకుంటూ, "మాఫ్ చెయ్యాలె పెద్దమనిషీ, మీ ఒడ్లు చిమ్మినయ్" అన్నాడు.

"ఫర్వాలేదండీ, మా అమ్మాయేగా. మా ధాన్యమేగా" అని నవ్వాడు ఆయన.

ఆయన వెనకే ఈరవ్వ చీపురుతో వచ్చింది. వంగి చెదిరిన గింజల్ని లోపలికి ఊడుస్తూ, "అయ్యో బిడ్డా, కాలు మెలిక గిట్ల వడ్డదా? సూసుకో" అంది హైమతో. వడ్ల మాటే ఎత్తలేదు.

సార్ సింధూజ వైపు తిరిగాడు. "ఇగ నీ వంతు. ఏమన్న చెప్పుకునేదున్నదా?"

సింధూజ తల్లి వంగిన వీపు వైపు చూసింది. వెంకటసుబ్బారావు వైపు చూసింది. "ఏం లేదు సార్. ఆగిన. గోలు నా వల్లనే పడ్డది" అంది.

"సరె. ఆదివారం రైట్ బ్యాక్ హైమ."

ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. వింటే ఎలా ఉంటుందో హైమ ఎన్నోసార్లు ఊహించుకుంది. తీరా విన్నాక ముందు నాన్న వైపు చూసింది. అమ్మాయిల మాటలు చెవిన పడ్డాయో ఏమో, ఆయన అప్పటికే వడ్ల దగ్గరికి పోయి, "ఆ పిల్లకు భయమంటారేంటమ్మా, పొద్దుటి నుంచి చూస్తున్నాగా" అని ఈరవ్వతో అంటున్నాడు.

హైమ స్కూలు వరండాలో కూర్చుని బూటులో దూరిన గింజలు తీసుకుంటుంటే సింధూజ వచ్చి పక్కన నిలబడింది.

"భయపడ్డదన్నవ్."

హైమ ఇంకో గింజ తీసి పడేసింది.

"డ్రమ్ము కాడ నువ్వు గూడ ఉన్నవ్. మా అవ్వ మాట నీకు ఇనపడలేదా?"

"గోలు పడ్డదా లేదా? ఆగినవా లేదా?"

"ఆగిన. లేదంటున్ననా?" సింధూజ ఒక అడుగు ముందుకు వచ్చింది. "ఆగిందను, తప్పన్నదను, చేతగాదను. భయమని ఎందుకన్నవ్ అక్కా? నీకేంది, నీ కాలు, నీ ఒడ్లు. తొక్కితె మీ నాయన నవ్విండు. నేను తొక్కితె నవ్వుతుండెనా?"

"మా నాన్న ఏమీ అనేటోడు కాదు."

"అనడు. నాకెరుకే. మంచోడే. అనకపోయినా మా అవ్వ సచ్చేదాక యాది జేసుకుంటది గద." సింధూజ తన బ్యాగు తీసి భుజాన వేసుకుంది. "పరాయి ఒడ్ల మీద తొక్కి సూపియ్యి. అప్పుడు నేనే లేసి సప్పట్లు కొడ్త."

అని విసవిసా వెళ్ళిపోయింది.

హైమకు ముందు ఒళ్ళు మండింది. గెలిచినా నిలవనివ్వదు ఈ పిల్ల. నాన్న మెప్పు దానికే, టీము ముచ్చట దానికే, చివరికి నిజం కూడా దాని వైపే పోయి నిలబడింది. చోటు వచ్చింది కదా, ఇంకా ఎందుకీ మంట అని తనను తాను అడిగింది. ఆదివారం గ్రౌండులో దిగుతుంది. ఎంచేవాళ్ళు చూస్తారు. ఎంచినా ఎంచకపోయినా ఆ చోటు దేనితో వచ్చిందో లోపల తెలుస్తూనే ఉంటుంది. సింధూజ కంటే బాగా ఆడి తీసుకున్నది కాదు. ఒక మాటతో లాక్కున్నది. ఎవరు మేలో ఇక ఎప్పటికీ తేలదు. ఈ కుళ్ళు అలాగే ఉండిపోతుంది, బస్సులో పక్క సీటు మీద బ్యాగులా.

సార్ వలలు విప్పించి ఆటోలో వేయిస్తున్నాడు. హైమ బూట్లు మళ్ళీ కట్టుకుని వెళ్ళింది.

"సార్, ఇంకోపాలి పెట్టుండ్రి."

"ఏంది పెట్టేది?"

"పంచాయతి. ఎడమపక్క పెట్టుండ్రి, ఒడ్లు లేని పక్క. ఇద్దరం చేస్తం."

"అయిపోయిన పంచాయతిని మల్ల తోడుతమా బిడ్డా? తీర్పు అయ్యింది గద."

"తీర్పు చెప్పింది నేనే గద సార్. తప్పు చెప్పిన."

వల మడుస్తున్న అమ్మాయిలు ఆగారు. ఇంత దూరం వచ్చాక ఇక ఆపడం హైమ వల్ల కాలేదు. "సింధూజ భయపడలే. ఒడ్లు తొక్కొద్దని ఆగింది. వాళ్ళవ్వ ముందే చెప్పింది, నేను ఇన్న. ఇని గూడ భయమన్న."

రాజనర్సు సార్ తన బూట్ల వైపు, అవతల వడ్ల వైపు చూశాడు. ఆయనకు ఆ సంగతి తట్టనే లేదు. "ఒడ్లా?" అన్నాడు. "మరి భయమని ఎందుకన్నవ్?"

"కుళ్ళుతోని సార్."

తారాబాయి, "ఓయమ్మో, గింత సాఫ్‌గ చెప్తరా ఎవ్వలన్న!" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. హైమ చెవులు కాలిపోయాయి.

సార్ కేకేస్తే గేటు దాకా పోయిన సింధూజ వెనక్కి వచ్చింది. "నువ్వెందుకు చెప్పలే? నీ వంతు వచ్చింది గద" అని అడిగాడు.

"మా అవ్వ ఆడనే ఉన్నది. హైమక్క నాయన ఆడనే ఉన్నడు. ఎట్ల చెప్త సార్? వాళ్ళ ముంగట నెపం ఒడ్ల మీదికి తోసినట్టయితది."

"సూడు. ఒడ్లున్నా నిప్పులున్నా డిఫెండరు ఆగొద్దు. గోలు నీ మీదనే ఉంటది."

"ఉండనియ్యి సార్. నాదే."

సార్ ఇద్దర్నీ చూసి గడ్డం గోక్కున్నాడు. "పొద్దు పోతున్నది. జల్ది కానియ్యుండ్రి. గంగామణీ, బంతి తే."

ఎడమపక్క ఉత్త మట్టి. గంగామణి మొదట హైమ మీదికి వచ్చింది. ఇప్పుడు కాలు ఆగడానికి ఏ అడ్డమూ లేదు. హైమ పళ్ళు బిగించి బంతి కోసం ఉరికింది. గంగామణి అదే చూసింది. బంతిని చిన్నగా పక్కకు జరిపి దాటిపోయింది. హైమ కాలు గాలిని తన్నింది.

తర్వాత సింధూజ. గంగామణి అదే జోరుతో వచ్చింది. సింధూజ బంతి కోసం ఉరకలేదు. ఒంటిని కాస్త ఏటవాలుగా తిప్పి, వెనక్కి వెనక్కి చిన్న అడుగులు వేస్తూ, గంగామణికి గీత వైపు మాత్రమే దారి వదిలింది. గంగామణి విసుగొచ్చి బంతిని తోసింది. తోసిన మరుక్షణం సింధూజ కాలు అక్కడుంది. గంగామణి బంతి లేకుండా నాలుగడుగులు ముందుకు పరుగెత్తి ఆగింది.

హైమ కళ్ళార్పకుండా చూసింది. ఏడాదిగా బెంచీ మీద కూర్చుని సింధూజ ఎక్కడ తప్పుతుందా అని చూసింది. తప్పు కోసం చూస్తూ ఈ అడుగుల్ని చూడనే లేదు. చూడటానికి మనసొప్పలేదు.

"ఇగ చెప్పు. తీర్పు నీదే" అన్నాడు సార్. ఆ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. పంచాయతీలో అడిగినట్టే అడిగాడు.

చెప్పకుండా ఉండొచ్చు. చోటు ఇంకా తన పేరు మీదే ఉంది. ఆయన మార్చలేదు. ఊరుకుంటే ఆదివారం తనే దిగుతుంది. వయసు దాటక ముందు ఆఖరి ఆదివారం.

హైమ సార్ వైపు తిరిగింది.

"గోలు సింధూజ వల్లనే పడ్డది సార్. ఆగొద్దు, ఆగింది. అది తప్పే." మాటలు ఒక్కొక్కటీ లాగి బయట పెట్టినట్టు వచ్చాయి. "కాని మిగిలిన ఆటంతా గోలు పడకుండ ఆపింది గూడ ఆమెనే. నేనుంటె గవన్నీ ఆగేటివి కావు. ఆదివారం ఆమెనే ఆడాలె."

సార్ తల ఊపాడు. వలల మూట ఎత్తి ఆటో వైపు నడిచాడు. అమ్మాయిలు కూడా చెదిరిపోయారు. తారాబాయి వెళ్తూ వెళ్తూ హైమ వీపు మీద ఒక్కటి చరిచింది. మెచ్చుకోలో వెక్కిరింతో తెలియలేదు.

సింధూజ అక్కడే నిలబడి ఉంది. ఏదో అనబోయింది. హైమకు ఆ మాట వినాలని లేదు. థాంక్స్ అంటే తట్టుకోలేదు, ఏమీ అనకపోయినా తట్టుకోలేదు. లోపలి మంట ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. ఈసారి మాత్రం దాన్ని ఎటు మళ్ళించాలో తెలిసింది.

"మాట్లాడకు. నీ మొకం సూస్తె ఇంక మండుతున్నది" అంది బంతిని కాలితో సింధూజ వైపు తోస్తూ. "గంగామణి వచ్చినప్పుడు ముందు ఏ కాలు వెనుకకు తీసినవ్?"

"ఎడమది."

"ఏదీ, మెల్లగ చెయ్యి."

సింధూజ చేసింది. హైమ మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి, ఆ కాలునే చూస్తూ, "గట్ల కాదే, ఇంక మెల్లగ" అంది.